ప్రతిజ్ఞ రాసింది మనవాడే!

బడి బెల్లు మోగుతుంది. పిల్లలంతా వరుసల్లో నిలబడి కుడిచెయ్యి ముందుకు చాస్తారు. ఒకరు ఒక్కో ముక్కా చెబుతుంటే మిగతావాళ్లు అదే రాగంలో అప్పజెబుతారు. ప్రతిజ్ఞ! చిన్నప్పుడు మనమూ రోజూ చెప్పినవాళ్లమే. నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తాం. రాసిందెవరని అడిగితే మాత్రం తడుముకుంటాం.

రాసింది తెలుగువాడే. పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ దగ్గరి అన్నెపర్తి ఆయన సొంతూరు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ ఈ ప్రతిజ్ఞ రాశారు. తెన్నేటి విశ్వనాథం ద్వారా అది రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి.రాజుకు చేరింది. 1963లో విశాఖలోని ఓ బడిలో పిల్లల చేత తొలిసారి చెప్పించారు. 1964లో బెంగుళూరులో సమావేశమైన కేంద్ర విద్యా సలహా సంఘం దేశమంతటా చెప్పించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది బడిబడికీ చేరింది.

విచిత్రమేమిటంటే, రాసిన పెద్దాయనకే ఆ సంగతి చాలాకాలం తెలియదు! మనవరాలు పాఠ్యపుస్తకంలోంచి చదువుతుంటే విని, ఇది నేను రాసిందే కదా అని ఆశ్చర్యపోయారట. 1988లో ఆయన కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించడానికి మరెన్నో ఏళ్లు పట్టింది.

పేరు సరే, అందులో ఏముందో ఎప్పుడైనా నిదానంగా చదివారా? శత్రువు ఊసే లేదు. అందరినీ తోబుట్టువులనుకోవడం, తల్లిదండ్రుల్నీ గురువుల్నీ గౌరవించడం, ఎదుటివారితో మర్యాదగా మెలగడం... అంతా నడవడిక గురించే. తెలుగు ప్రతిజ్ఞలో జంతువుల మీద దయ కూడా ఉంది.

మరి నోరు విప్పని పిల్లల్ని ఏం చెయ్యాలి? ప్రతిజ్ఞ విషయంలో కాదుగానీ, జాతీయగీతం విషయంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి పంపేశారు. గీతం వస్తున్నంతసేపూ వాళ్లు గౌరవంగా నిలబడేవారు. తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు, అంతే. 1986లో జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి ధర్మాసనం పిల్లలను మళ్లీ చేర్చుకోమంది. పాడి తీరాలనే చట్టమేదీ లేదని, లేచి నిలబడ్డాక పాడనంత మాత్రాన అగౌరవపరిచినట్టు కాదని తేల్చింది. ఆ న్యాయమూర్తీ తెలుగువారే!

అందరితో మర్యాదగా ఉంటామని పొద్దున్నే చెప్పించి, చెప్పని పిల్లాణ్ని పదిమందిలో నిలబెట్టి తిడితే ఆ మాటకు విలువేముంటుంది? ఇంట్లోనూ అంతే. ప్రతిజ్ఞ అప్పజెప్పే పిల్లల ముందే పనిమనిషినీ ఆటోడ్రైవర్నీ కసురుకుంటే వాళ్లు దేన్ని నేర్చుకుంటారు?

ఈ ఆదివారం మీ పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రతిజ్ఞను ఒక్కసారి రాగం తీయకుండా, మామూలు మాటల్లా చదవమనండి. అర్థం మీరు చెప్పండి. రాసినాయన పేరు కూడా చెప్పడం మరచిపోకండి.