బొమ్మలో చుక్కలు

మా నాయనమ్మకు విడిగా ఫొటో లేదు. 1960 ప్రాంతపు పెళ్ళి గ్రూపు ఫొటోలో వెనక వరసన, గోరంత ముఖం. దాన్నే ఆ మధ్య పెద్దది చేయించాను. దుకాణం కుర్రవాడు “గ్రెయిన్ బాగా వుందండీ, క్లీన్ చేశాను” అని కంప్యూటరులో తుడిచి యిచ్చాడు. ముఖం మైనం పూసినట్టు నున్నగా వచ్చింది. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని “యెవర్రా యీవిడ?” అన్నారు. నాయనమ్మ చెంపలనిండా స్ఫోటకపు మచ్చలుండేవి. చుక్కలతోపాటు అవీ పోయినవి!

ఫిల్ముమీది జెలటిన్ పూతలో వెండి లవణాల స్ఫటికాలుంటవి. వెలుగు సోకినవి డెవలపరులో నల్లని వెండిగా మారుతవి. తక్కినవి హైపోలో కరిగిపోతవి. ఆ వెండి నలుసులే బొమ్మ. మసక వెలుతురును పట్టాలంటే స్ఫటికం పెద్దదై వుండాలి, అప్పుడు చుక్కలూ పెద్దవే. 1954లో 35 మి.మీ. సైజులో వచ్చిన కొడక్ ట్రై-ఎక్స్ ఆ జాతిది. ముగ్గులోంచి పిండి యేరేస్తే యేం మిగులుతుంది?

డిజిటల్ కెమేరాలో చుక్కలను ‘నాయిస్’ అంటారు. బొమ్మలో చప్పుడేమిటని మావంటి తెలుగు మేష్టర్లకు సందేహం! పాత రేడియోలో పాటవెంట వచ్చే గరగర వంటిదే యిదీ. సెన్సరుమీది గళ్ళలో వెలుగు వానచినుకుల్లా పడుతుంది. సగటున 100 కణాలు పడే గడిలో ఒకసారి 90, మరోసారి 110 పడవచ్చు. అంటే పదోవంతు తేడా. 10,000 పడేచోట తేడా నూటికి ఒకటే. అందుకే నాయిస్ చీకటి మూలల్లో కనబడుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచితే కొత్త వెలుగు రాదు. బొమ్మతోపాటు చుక్కలూ హెచ్చుతవి.

దీనికో ఉపాయం వుంది. ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సగటు కడితే నాయిస్ నాలుగోవంతుకు దిగుతుంది. రాత్రిపూట మన ఫోన్లు చేసేది యిటువంటి పనే. నాయనమ్మను మళ్ళీ 16 సార్లు తీయలేం గదా! ఒక్క బొమ్మను తుడిచేటప్పుడు యేది చుక్కో, యేది మచ్చో యంత్రం ఊహించవలసిందే.

నెగెటివ్ యెక్కడా దొరకలేదు. పాత ప్రింటునే మళ్ళీ స్కాన్ చేయించి, ఏమీ తుడవవద్దని దగ్గర కూర్చుని మరీ తెచ్చాను. ఇసక చల్లినట్టుంది బొమ్మ. నాన్నగారు పడకకుర్చీ ఆ గోడకెదురుగా వేయించుకున్నారు.