ఆ మాత్రల డబ్బా మూత తీసే ముందు

ఇంట్లో తాతగారికో, పెద్దమ్మకో గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ చికిత్స మొదలవుతుంది. వారం తిరగకముందే చుట్టాలెవరో యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బా తెచ్చి చేతిలో పెడతారు. ప్రేమతోనే తెస్తారు. కానీ అవి వేసుకోవచ్చా?

మన కణాల్లో ఎక్కువ భాగం నీరే. ఎక్స్-కిరణాలు ఆ నీటిని విడగొట్టి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. వీటి ఆయుష్షు సెకనులో దాదాపు వందకోట్లవ వంతు. ఆలోపే అవి పక్కనున్న డీఎన్ఏను దెబ్బతీస్తాయి. అందుకే అడ్డుకునే పదార్థం ముందుగానే కణంలో ఉండాలి. 1949లో అమెరికాలో హార్వే ప్యాట్ బృందం ఎలుకల మీద చూసింది ఇదే. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని కిరణాలకు ముందు ఇస్తే చాలా ఎలుకలు బతికాయి, తర్వాత ఇస్తే ఫలితం లేదు. సిస్టీన్ గుడ్డులోనూ ఉంటుంది. అలాగని ఆమ్లెట్ తింటే రక్షణ రాదు లెండి, ఎలుకలకిచ్చిన మోతాదు చాలా ఎక్కువ.

సిస్టీన్‌లో అసలు పని చేసేది గంధకం. అణుయుద్ధం వస్తే సైనికులను కాపాడాలని అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ ఇలాంటి సమ్మేళనాలను 4,000కు పైగా పరీక్షించింది. వాటిలో ముఖ్యంగా నిలిచింది అమిఫోస్టిన్. ఇది ఒంట్లోకి వెళ్లినప్పుడు నిద్రాణంగా ఉంటుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము దాన్ని మేల్కొలపాలి. ఆ ఎంజైము ఆరోగ్యకరమైన కణజాలంలో ఎక్కువ, కణితిలో తక్కువ. దాంతో రక్షణ చాలావరకు మంచి కణాలకే అందుతుంది. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకునేవారికి లాలాజలం ఎండిపోయి అన్నం ముద్ద మింగడమే కష్టమవుతుంది. ఆ బాధ తగ్గించడానికి 1999లో అమెరికా ఈ మందును అనుమతించింది. చికిత్సకు 15 నుంచి 30 నిమిషాల ముందు నరానికి ఎక్కిస్తారు. వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ఇబ్బందులు ఉన్నాయి కనుక అందరికీ వాడరు.

దుకాణంలో దొరికే విటమిన్ మాత్రకు ఈ విచక్షణ ఉంటుందన్న భరోసా లేదు. క్యాన్సర్ కణానికీ అదే గొడుగు పట్టవచ్చు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ ఉన్న 540 మందితో చేసిన పరిశోధన 2005లో వెలువడింది. విటమిన్-ఇ, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో తీవ్రమైన దుష్ప్రభావాలు తగ్గాయి. కానీ క్యాన్సర్ తిరగబెట్టే ధోరణి వారిలోనే కొంత ఎక్కువగా కనిపించింది.

పిల్లల ఫోన్ రేడియేషన్‌కు కూడా ఈ మాత్రలు అడ్డమని కొందరు చెబుతుంటారు. ఫోన్ తరంగాలకు నీటి అణువును విడగొట్టే శక్తే లేదు, ఆ ఖర్చు అనవసరం.

పండ్లు, కూరలు మామూలుగా తినవచ్చు. సందేహమల్లా మాత్రలు, పొడుల గురించే. డాక్టరు రాసినవి మాత్రం మీ అంతట మీరు ఆపకండి. చుట్టాలు తెచ్చిన డబ్బాను సంచిలో వేసుకుని, ఈసారి చికిత్సకు వెళ్లినప్పుడు డాక్టరుగారికి చూపించండి.