కొత్త పెట్టని మందలో కలిపే ముందు మూడు వారాలు ఆగండి

"సంతలో మంచి నాటు పెట్ట దొరికింది, మా కోళ్లలో వదిలితే రక్తం వచ్చేలా పొడుస్తున్నాయి, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఎలా కలపాలో వీడియోలో చూపించాను. ఎందుకలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణే. అయినా మూడేళ్ల క్రితం సంతలో రెండు పెట్టలు కొనుక్కొచ్చి, సాయంత్రానికే మందలో వదిలేశాను. చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి. ఐదారు రోజులకి ఒకటి ముడుచుకుని కూర్చుంది, ఆకుపచ్చగా రెట్ట వేసింది. తర్వాత మిగతా వాటికి మెడలు వంకర తిరగడం మొదలైంది. కొక్కెర తెగులు. పద్నాలుగు కోళ్లలో మూడు మిగిలాయి. పొడుచుకోవడం మన కంటికి కనపడుతుంది, తెగులు కనపడదు. అందుకే మొదటి జాగ్రత్త దానికే.

1. విడిగా ఉంచడం: 21 రోజులు

ఈ తెగులు సోకాక బయటపడటానికి 2 నుంచి 15 రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి కనీసం 21 రోజులు, వీలైతే నెల, కొత్త కోళ్లని ఇంటికి అవతలి వైపు ఉంచండి. మేత గిన్నె, నీళ్ల గిన్నె వేరు. రోజూ పాత కోళ్ల పని ముందు, కొత్తవాటి పని తర్వాత. చెప్పులు మార్చండి, చేతులు కడుక్కోండి. రెక్కల కింద ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. కట్టెల బూడిద, పొడి మట్టి కలిపి తొట్టెలో పోస్తే అవే పొర్లాడతాయి.

ప్రకృతి వ్యవసాయంలో టీకా ఎందుకు అంటారు కొందరు. పసుపు, వెల్లుల్లి, వేపాకు నేనూ వాడతాను. కానీ కొక్కెర వచ్చాక వాటితో తగ్గదు, ఇంగ్లీషు మందుతోనూ తగ్గదు. ముందే వేయించాలి. ఎనిమిది వారాలు దాటిన ఆరోగ్యమైన కోళ్లకు ఆర్2బి టీకా గురించి పశువైద్యశాలలో అడగండి. ఐసు డబ్బాలోనే తేవాలి, ఎండలో తెస్తే పనిచేయదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూ వార్త వినపడితే అసలు కొత్త కోడిని కొనొద్దు.

2. చూడనివ్వాలి, తాకనివ్వకూడదు: వారం

కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవాలో ఒక వరస ఉంటుంది. 1920ల్లో నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బే దీని గురించి రాశాడు. మన ఇళ్లలో అమ్మమ్మలకి అది పెరట్లోనే తెలుసు. కొత్త కోడి రాగానే ఆ వరస చెదురుతుంది. అందుకని వారం పాటు మధ్యలో ఇనుప జాలీ కట్టి, అటూ ఇటూ దగ్గర్లోనే మేత వేయండి. జాలీ దగ్గర పొడిచే ప్రయత్నం తగ్గిందంటే అవి అలవాటు పడుతున్నట్టే.

ఒక్క కోడిని తేవొద్దు, రెండు మూడు తెండి. అప్పుడు దెబ్బలన్నీ ఒకదానికే తగలవు. పాతవాటి సైజుకి ఎదిగినవే కలపండి. కొత్త పుంజు జోలికి, అందులోనూ అసీల్ పుంజు జోలికి, మాత్రం వెళ్లకండి. పాత పుంజు ఉంటే చచ్చేదాకా కొట్టుకుంటాయి.

3. చీకటి పడ్డాక కలపడం

చీకట్లో కోళ్లకి సరిగా కనపడదు. అన్నీ గూట్లో సర్దుకున్నాక కొత్తవాటిని దండె మీద వాటి పక్కన కూర్చోబెట్టండి. తెల్లారేసరికి మీరు అక్కడుండాలి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి. తోటకూర కట్ట వేలాడదీస్తే వాటి ధ్యాస దాని మీదికి పోతుంది. గోడకి కొబ్బరి మట్టలు వాలుగా పెడితే తరుముతుంటే దాక్కోవడానికి ఉంటుంది.

కొంచెం పొడుచుకోవడం మామూలే, మూడు నాలుగు రోజుల్లో తగ్గుతుంది. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయండి, ఎరుపు చూస్తే మిగతావీ పొడుస్తాయి. గాయానికి పసుపు, కొబ్బరినూనె రాసి, మానాక మళ్లీ జాలీ దగ్గర నుంచి మొదలుపెట్టండి.

ఆ మిగిలిన మూడు కోళ్ల పిల్లలే ఇప్పుడు మా అరటి తోటలో తిరుగుతున్నాయి. సంత నుంచి వచ్చిన ప్రతి కోడీ ముందు మూడు వారాలు ఇంటి అవతలే ఉంటుంది.