లారీ భద్రతా తనిఖీ, సంరక్షణ

లారీ భద్రతా తనిఖీ అనగా సరుకు రవాణా చేసే లారీని రోడ్డు మీదకు తీయడానికి ముందు దాని బ్రేకులు, టైర్లు, స్టీరింగు, దీపాలు, ఇంజను మొదలైన భాగాలు సక్రమంగా ఉన్నాయో లేదో పరిశీలించే పద్ధతి. తనిఖీలో కనబడిన లోపాలను సరిచేస్తూ, అరిగిపోయే భాగాలను సకాలంలో మార్చుతూ ఉండటాన్ని సంరక్షణ అంటారు. లారీలో జరిగే పెద్ద వైఫల్యాలలో చాలావరకు ఒక్కసారిగా వచ్చిపడేవి కావు. తగ్గుతున్న గాలి, చెమర్చిన నూనె, వదులైన నట్టు, కొత్తగా వినబడే శబ్దం ముందే సూచన ఇస్తాయి. ఆ సూచనను ప్రతిదినం పదిహేను నిమిషాలు వెచ్చించి గమనించడమే ఈ తనిఖీల సారాంశం. ఈ వ్యాసంలో ప్రధానంగా భారతదేశంలోని భారీ సరుకు రవాణా లారీల గురించి, కొత్తగా లారీ కొన్న యజమానులకు అవసరమైన ప్రాథమిక విషయాల గురించి వివరించబడింది.

నేపథ్యం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఒకటి రెండు లారీలు మాత్రమే కలిగిన చిన్న యజమానులు అనేకులు. వీరిలో కొందరు మొదట క్లీనరుగా చేరి, తరువాత డ్రైవరై, చివరకు అప్పుచేసి సొంత బండి కొనుక్కున్నవారు. నెలవారీ వాయిదా, డీజిలు, టోలు, టైర్ల ఖర్చులు పోగా మిగిలేది స్వల్పం కావున, బండి నిలబెట్టి మరమ్మతు చేయించడం నష్టంగా తోచడం సహజం. కాని రోడ్డు మీద ఆగిపోయిన బండికి మరమ్మతు ఖర్చుతో పాటు కిరాయి కూడా పోతుంది. ప్రమాదమే జరిగితే డ్రైవరు, క్లీనరు, ఎదుటి వాహనంలోనివారు, దారినపోయే పాదచారులు ప్రాణాలు కోల్పోవచ్చు.

విజయవాడలోని ఆటోనగర్ లారీ బాడీల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందిన ప్రదేశం. ఇటువంటి చోట్ల నిపుణులైన మెకానిక్కులు దొరుకుతారు. అయితే లోపం ఉన్నదని మొదట గుర్తించవలసినవారు మాత్రం రోజూ బండితో ఉండే డ్రైవరు, యజమానులే.

చట్టపరమైన తనిఖీ

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 56వ సెక్షను ప్రకారం రవాణా వాహనాలకు యోగ్యతా పత్రం తప్పనిసరి. దీనిని వ్యవహారంలో ఫిట్‌నెస్ లేదా ఎఫ్‌.సి. అంటారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 62వ నియమం ప్రకారం కొత్త వాహనానికి ఇది రెండు సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వాహనానికి ఎనిమిదేళ్ళు వచ్చేవరకు రెండేళ్ళకొకసారి, ఎనిమిదేళ్ళు దాటిన పిమ్మట ఏటా పునరుద్ధరించుకోవాలి.

తెలుగునాట మోటారు వాహనాల తనిఖీ అధికారిని ప్రజలు "బ్రేక్ ఇన్‌స్పెక్టరు" అని పిలుస్తారు. వాహన తనిఖీలో బ్రేకుకు గల ప్రాధాన్యం ఈ పేరులోనే కనిపిస్తుంది. అయితే యోగ్యతా పత్రం ఆ ఒక్క రోజున బండి స్థితిని మాత్రమే తెలుపుతుంది. మరునాడే బ్రేకు గొట్టానికి పగులు రావచ్చు. తదుపరి పరీక్ష వరకు బండిని ఆ స్థితిలో నిలుపుకొనే బాధ్యత యజమానిదే.

ప్రతిదినం చేయవలసిన తనిఖీ

బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒక చక్రానికి ముందు వెనుక దిమ్మలు పెట్టి తనిఖీ ప్రారంభించాలి. క్యాబిను ఎడమ మూల నుండి మొదలుపెట్టి బండి చుట్టూ ఒకే దిశలో తిరిగితే ఏ భాగమూ మరపున పడదు.

* నేల మీద నూనె, నీరు, డీజిలు మరకలు ఉన్నాయేమో చూడాలి. రాత్రి నిలిపిన చోట ఏర్పడిన కొత్త మరక కారుడుకు మొదటి సాక్ష్యం.
* ఇంజను ఆయిలు, కూలెంటు, స్టీరింగు ఆయిలు మట్టాలు చూడాలి. ఫ్యాను బెల్టు పగుళ్ళు, బిగువు పరీక్షించాలి.
* స్టెప్నీతో సహా అన్ని టైర్లను, చక్రాల నట్లను చూడాలి.
* కమాన్ కట్టలలో విరిగిన పట్టీలు, వదులైన యూ-బోల్టులు ఉన్నాయేమో గమనించాలి. బండి ఒకవైపుకు ఒరిగి ఉంటే అనుమానించాలి.
* హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, వెనుక దీపాలు, హారను, వైపర్లు పనిచేయించి చూడాలి. అద్దాలు తుడిచి, సరైన కోణంలో అమర్చుకోవాలి.
* బాడీ తలుపుల గొళ్ళాలు, సరుకుపై కప్పిన పట్టా, తాళ్ళు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి.
* ఇంజను నడుస్తుండగా స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. చక్రం కదలకుండా స్టీరింగు ఎక్కువ దూరం తిరిగితే లింకేజీలు అరిగినట్లు భావించాలి.
* చివరగా గాలి పీడనం పూర్తిగా వచ్చిన తరువాత, బండిని నెమ్మదిగా కదిపి బ్రేకు వేసి చూడాలి.

బ్రేకులు

భారీ లారీలలో సాధారణంగా గాలి బ్రేకులు ఉంటాయి. ఇంజనుతో తిరిగే కంప్రెసరు గాలిని ట్యాంకులలో నింపుతుంది. పెడలు తొక్కినపుడు ఆ గాలి బ్రేకు చాంబర్లలోకి వెళ్ళి, లైనర్లను తిరిగే డ్రమ్ములకు ఒత్తుతుంది. ఆ రాపిడి వలన బండి ఆగుతుంది. కావున గాలి లేకపోతే పెడలు తొక్కినా ఫలితం ఉండదు. పీడనం తగ్గినపుడు మోగే హెచ్చరికను, వెలిగే దీపాన్ని ఎన్నడూ నిర్లక్ష్యం చేయరాదు. మోత భరించలేక ఆ తీగను తెంచివేయడం అత్యంత ప్రమాదకరం.

గాలి కారుడును తెలుసుకోవడం సులభం. పీడనం నిండిన తరువాత, చక్రాలకు దిమ్మలు ఉన్నాయని నిర్ధారించుకొని, ఇంజను ఆపి, ఒకరు పెడలును పూర్తిగా తొక్కిపట్టి గేజీని గమనించాలి. మరొకరు బండి చుట్టూ తిరుగుతూ "బుస్" మనే శబ్దం కోసం వినాలి. మొదట కొద్దిగా దిగిన ముల్లు తరువాత స్థిరంగా ఉండాలి. అదేపనిగా దిగుతూ ఉంటే కారుడు ఉన్నట్లే. గాలితో పాటు ట్యాంకులో తేమ చేరి నీరుగా మారుతుంది. అది కవాటాలను తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు అడుగున ఉన్న కవాటాన్ని లాగి ఆ నీటిని బయటకు వదలాలి. నీటితో నూనె కూడా వస్తుంటే కంప్రెసరును, గాలిని ఆరబెట్టే పరికరాన్ని మెకానిక్కుకు చూపించాలి.

2015 నుండి కొత్త భారీ లారీలలో చక్రాలు బిగుసుకుపోకుండా నివారించే ఏ.బి.ఎస్. తప్పనిసరి అయినది. ఇంజను స్టార్టు చేసిన తరువాత, బండి కదిలినా దాని హెచ్చరిక దీపం ఆరకపోతే మరమ్మతు చేయించాలి.

ఘాట్ రోడ్లపై

మారేడుమిల్లి - చింతూరు దారి, నల్లమలలో దోర్నాల - శ్రీశైలం దారి, చిత్తూరు - పలమనేరు మధ్యనున్న మొగిలి ఘాట్ వంటి చోట్ల బ్రేకుల స్థితి బయటపడుతుంది. దిగుడులో బ్రేకు పెడలును ఎడతెగక తొక్కితే డ్రమ్ములు మితిమీరి వేడెక్కి, లైనర్ల రాపిడి శక్తి తగ్గిపోతుంది. అప్పుడు గాలి నిండుగా ఉన్నా బండి ఆగదు. కావున దిగుడు ప్రారంభానికి ముందే తక్కువ గేరులోకి మారి, ఇంజను నిరోధాన్ని, ఎగ్జాస్టు బ్రేకును వాడుకోవాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో దింపడం, ఇంజను ఆపి దింపడం ప్రాణాంతకం. ఇంజను ఆగితే కంప్రెసరు గాలి నింపదు, పవర్ స్టీరింగు సహాయమూ ఆగిపోతుంది.

టైర్లు, చక్రాలు

టైరులో గాలిని తయారీదారు సూచించిన మేరకు నింపాలి. టైరు చల్లగా ఉన్నపుడే గేజీతో కొలవాలి. కడ్డీతో కొట్టి శబ్దాన్ని బట్టి అంచనా వేయడం పూర్తిగా గాలి పోయిన టైరును గుర్తించడానికి మాత్రమే పనికి వస్తుంది. గాలి తక్కువైన టైరు పక్కలు ఎక్కువగా వంగి, లోపల వేడి పుడుతుంది. రామగుండం, రెంటచింతల వంటి ప్రాంతాల వేసవి ఎండలో ఆ వేడి మరింత పెరిగి టైరు పేలవచ్చు. ప్రయాణం మధ్యలో వేడెక్కిన టైరు నుండి గాలి తీయడం పొరపాటు. అది చల్లారిన తరువాత గాలి మరీ తక్కువై, సమస్య ఇంకా పెరుగుతుంది.

నియమావళి ప్రకారం లారీ టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. వెనుక జంట టైర్ల మధ్య రాళ్ళు ఇరుక్కుంటే తీసివేయాలి. జంటలో లోపలి టైరు కంటికి సరిగా కనబడదు కావున దానిని తప్పక కొలవాలి. స్టీరింగుకు ఆధారమైన ముందు చక్రాలకు మంచి టైర్లు వాడి, రీట్రెడ్ చేసినవాటిని అక్కడ వాడకుండా ఉండటం శ్రేయస్కరం.

నట్టు చుట్టూ తుప్పు చారలు కనబడితే అది వదులై ఉండవచ్చు. చక్రం మార్చిన తరువాత సుమారు 50 నుండి 100 కిలోమీటర్లు నడిపి నట్లను మరల బిగించాలి.

ఇంజను

ఆయిలు మట్టాన్ని ఇంజను ఆపిన కొన్ని నిమిషాల తరువాత కొలత పుల్లతో చూడాలి. ఆయిలు మజ్జిగ రంగుకు మారితే అందులో నీరు కలిసిందని అర్థం. అటువంటి ఇంజనును నడపరాదు. వేడిగా ఉన్న రేడియేటరు మూతను తీయరాదు. పీడనంలో ఉన్న మరుగునీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. డీజిలు ఫిల్టరులో చేరిన నీటిని వదలాలి. గనులు, క్వారీల వద్ద దుమ్ములో తిరిగే బండ్లకు గాలి ఫిల్టరును తరచుగా చూడాలి. టర్బో ఉన్న ఇంజనును దూరప్రయాణం తరువాత వెంటనే ఆపక, రెండు మూడు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపాలి.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల ప్రకారం తయారైన భారీ లారీలలో పొగను శుద్ధి చేయడానికి సాధారణంగా 32.5 శాతం యూరియా గల ద్రావణాన్ని వాడతారు. దీని ట్యాంకు వేరుగా ఉంటుంది. ద్రావణం అయిపోతే ఇంజను శక్తి తగ్గిపోయే ఏర్పాటు ఉన్నది. ఈ ట్యాంకులో నీళ్ళు, డీజిలు పోయడం, పొలానికి వాడే యూరియాను కలిపి పోయడం వలన ఖరీదైన భాగాలు చెడిపోతాయి.

దీపాలు, రాత్రి నిలుపుదల

రాత్రివేళ దీపాలు లేక రోడ్డు పక్కన నిలిచిన లారీని వెనుక నుండి ఢీకొనడం జాతీయ రహదారులపై తరచు జరిగే ప్రమాదం. లారీకి ముందు తెల్లని, వెనుక ఎర్రని, పక్కల పసుపుపచ్చని మెరుపు పట్టీలు ఉండాలి. బురద పట్టిన పట్టీ వెలుగును తిరిగి పంపదు కావున వాటిని తుడుస్తూ ఉండాలి. బండి చెడిపోతే వీలైనంత పక్కకు తీసి, నాలుగు ఇండికేటర్లు వెలిగించి, తగినంత దూరంలో హెచ్చరిక త్రిభుజం పెట్టాలి. త్రిభుజానికి బదులు పెద్ద రాళ్ళు, చెట్టుకొమ్మలు పెట్టి, పని అయ్యాక వాటిని అక్కడే వదిలి వెళ్ళడం తరువాత వచ్చే ద్విచక్ర వాహనదారుల పాలిట మృత్యువు.

బరువు

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచింది. దీనితో రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితి 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెరిగినది. అయితే ఒక బండికి వర్తించేది దాని రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన బరువే. ఇందులో బండి సొంత బరువు కూడా కలిసి ఉంటుంది. ఉదాహరణకు మొత్తం పరిమితి 18.5 టన్నులై, ఖాళీ బండి 7 టన్నులు తూగితే, సరుకు 11.5 టన్నులకు మించరాదు. 2019 సవరణ తరువాత చట్టంలోని 194వ సెక్షను ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా ఉన్నది. అదనపు సరుకును దింపించే ఖర్చు కూడా భరించాలి. దీనికంటే ముఖ్యంగా, అధిక బరువు వలన బండి ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు, కమాన్లు, ఇరుసులు త్వరగా దెబ్బతింటాయి.

పరిమితిలోని సరుకైనా కదలకుండా కట్టాలి. చీమకుర్తి గ్రానైటు దిమ్మలు, ఇనుప చువ్వల వంటివి హఠాత్తుగా బ్రేకు వేసినపుడు ముందుకు జారి క్యాబినును నలిపివేయగలవు. బయలుదేరిన కొంతసేపటికి తాళ్ళు, గొలుసులు సడలుతాయి కావున మొదటి ఆగుదలలోనే మరల బిగించాలి.

డ్రైవరు విశ్రాంతి

బండి ఎంత బాగున్నా నిద్రలేని డ్రైవరు చేతిలో అది సురక్షితం కాదు. 2025లో రద్దయిన మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితిని విధించేది. ఐదు గంటల పనికి మించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని ఆ చట్టంలో ఉండేది. యజమానియే డ్రైవరైనపుడు ఆపమని చెప్పేవారు ఉండరు కావున ఈ నియమాన్ని తనకు తానే విధించుకోవాలి.

చిట్టా, పత్రాలు

ఒక నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, మార్చిన ఆయిలు, ఫిల్టర్లు, లైనర్లు, టైర్ల వివరాలు రాసుకోవాలి. ఆయిలు మార్పు, గ్రీజు, లైనర్ల పరీక్షలకు గడువులు బండి రకాన్ని బట్టి మారుతాయి. అవి తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. డ్రైవరు చెప్పిన లోపాన్ని కూడా అదే చిట్టాలో రాసి, బాగుచేసిన తేదీ వేయడం మంచి అలవాటు. యోగ్యతా పత్రం, బీమా, పర్మిటు, కాలుష్య పత్రం, పన్ను గడువులను మొదటి పుటలో రాసుకోవాలి. పాత లారీ కొనేవారు వీటితో పాటు బకాయి పన్నులు, చలానాలు, ఫైనాన్సు సంస్థ అప్పు తీరినట్లు పత్రం పరిశీలించాలి.

దసరా ఆయుధపూజ నాడు లారీలను శుభ్రంగా కడిగి, పూలదండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం ఆచారం. మట్టి, గ్రీజు వదిలేలా కడిగిన బండిపై ఛాసిస్ పగుళ్ళు, కమాను విరుగుళ్ళు, ఆయిలు చెమ్మ స్పష్టంగా కనిపిస్తాయి. కావున ఏడాదికొకసారి కాక, బండి కడిగిన ప్రతిసారీ అడుగుభాగాన్ని కూడా పరీక్షించడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* లారీ
* బ్రేకు
* డీజిలు ఇంజను
* మోటారు వాహనాల చట్టం, 1988
* రోడ్డు ప్రమాదం