మొటిమల మచ్చలకు లేసరు చికిత్స: పలుమార్లు చేయించుట క్షేమమా?

యౌవనారంభమున మొటిమలు పుట్టుట సహజము. అవి మానినను కొందరి చెక్కిళ్లపై గుంటలు మిగిలిపోవును. వానికి నేడు లేసరు చికిత్స చేయుచున్నారు. ఒక్కసారితో పని ముగియదు. నాలుగైదు వారముల యెడమిచ్చి మూడు మొదలు ఐదు పర్యాయములు చేయుట వాడుక. ఇన్నిమార్లు చేయించినచో మున్ముందు కీడు కలుగదా యని విద్యార్థులును తలిదండ్రులును సందేహించుచుందురు.

లేసరనగా ఒకే తరంగదైర్ఘ్యము గలిగి చెదరక సాగు వెలుగు. 1960లో అమెరికా దేశీయుడగు థియొడోర్ మైమన్ దీనిని మొదట కెంపు స్ఫటికముతో పుట్టించెను. మచ్చలకు వాడు బొగ్గుపులుసు వాయువు లేసరు తరంగదైర్ఘ్యము 10,600 నానోమీటర్లు. చర్మమందలి నీరు దానిని పీల్చుకొని ఆవిరియగును. 2004లో వెలువడిన పద్ధతి ననుసరించి కిరణమును సన్నని చుక్కలుగా విభజించి, నడుమనడుమ చర్మమును ముట్టక విడిచెదరు. విడిచిన భాగము గాయమును త్వరగా మాన్పును. లోపల కొల్లాజెను పోగులు పెరిగి గుంట కొంత పూడును. పూర్తిగా మాయమగునని తలపరాదు.

ఈ వెలుగు పరారుణ కిరణము. ఎండలోని అతినీలలోహిత కిరణమువలె ఇది కణములలోని జన్యుపదార్థమును చెరుపదు. వేడిని మాత్రమే పుట్టించును. ఈ చికిత్సవలన రాచపుండు, అనగా కేన్సరు, కలుగునని నేటివరకు రుజువు కాలేదు.

అసలు భయము వేడివలననే. మన చామనచాయ చర్మమున మెలనిను అను వర్ణద్రవ్యము హెచ్చు. గాయపడిన చర్మము దానిని మరింత పుట్టించి నల్లమచ్చలను దెచ్చును. అవి పెక్కుమారులు కొన్ని నెలలలో తగ్గును. పైపొరనంతయు తీసివేయు పాతపద్ధతిలో నెలల పిమ్మట తెల్లమచ్చలు తేలి శాశ్వతముగ నిలుచుటయు గలదు. మునుపటి గాయము మానకయే మరల చేసినను, శక్తి మితిమీరినను, క్రొత్త మచ్చయే పడవచ్చును.

కళ్యాణదుర్గము వంటి వానలరుదైన మెట్టసీమలో ఎండయే పెద్ద శత్రువు. చేలలో పనిచేయువారు వేసవిలో గాక, వేరుసెనగ పంట ఇల్లు చేరినపిమ్మట చలికాలమున చికిత్స పెట్టుకొనుట మేలు. గొడుగు, తలగుడ్డ, సన్‌స్క్రీన్ లేపనము విడువరాదు.

విద్యార్థులారా! మొదట మొటిమలను అదుపునకు తెచ్చుకొనుడు. చర్మవైద్యునిచేతనే చికిత్స చేయించుకొనుడు. వాడుచున్న మందులను, పెదవులపై పొక్కులు వచ్చు అలవాటును దాచక చెప్పుడు. ముందుగా చిన్నచోట పరీక్షింపుమనుడు. కన్నులకు రక్షణ లేనిదే కూర్చుండకుడు. ప్రతి పర్యాయమునకు ముందు ఛాయాపటము తీయించి పోల్చుకొనుడు. గుణము కానరానిచో, లేక రంగు మారినచో, అంతటితో ఆపి వైద్యునడుగుడు. ఎన్నిమార్లు చేయించితిమను లెక్కకంటె, ఒక్కొక్క మారు చర్మము పూర్తిగా మానెనా యను విచారణయే ముఖ్యము.