కాపురానికి ముందు మూడు సీసాల నీళ్ళు
(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం, రసాయన శాస్త్రం)

మా అక్కా బావా ఊరు వదిలి బెంగళూరు పోదామనుకున్నారు. పోయేముందు రెండు రోజులు ఆ ఊరెట్లుందో చూసి రావాలనుకుని, కాలేజీకి సెలవులు కదా అని నన్ను కూడా వెంటబెట్టుకుపోయారు. ఈ సంచిక చదివే మిత్రుల్లో సగం మంది రేపో మాపో ఏదో ఒక పట్నానికి ఉద్యోగం కోసం పోయేవాళ్ళే. అందుకని ఆ రెండు రోజుల్లో మేము ఏం చూశాము, ఏం లెక్కలు వేశాము అన్నది ఇక్కడ రాస్తున్నాను. లాల్‌బాగ్ వర్ణన ఆశించేవాళ్ళు పేజీ తిప్పేయవచ్చు. మేము లాల్‌బాగ్ చూడలేదు.

మాది కదిరి పక్క పల్లె. 2022లో జిల్లా మారి శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ వాన మాత్రం అనంతపురం వానే. బావకు నాలుగెకరాల సెనక్కాయ చేను. మూడు బోర్లు వేశాడు. మూడోది 2023లో 650 అడుగులు దింపితే దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఆ అప్పు ఇంకా వుంది. ఐ.టి.ఐ.లో టర్నర్ చదివి, పెళ్ళికి ముందు కొన్నేళ్ళు లేత్ మీద పని చేసినవాడు కావడంతో, పీన్యాలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్ళు రమ్మన్నారు. నెలకు 18,500 ఇస్తామన్నారు. ఆ మాట విన్నరోజే సంచి సర్దబోయాడు. అక్కే అడ్డుకుంది.

"ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తావే, కాపురం పెట్టే ఊరిని చూడొద్దా?" అంది.

ఆదివారం పోదామన్నాడు బావ. చిన్నాయన ఫోనులో వద్దన్నాడు. ఆయన మా ఊరి మనిషే, దాసరహళ్ళిలో పదిహేనేళ్ళుగా వాచ్‌మన్ పని. "ఆదివారం బెంగుళూరు అత్తగారింటికొచ్చిన కొత్తల్లుడి మాదిరి బుద్ధిగా వుంటాది. దాని అసలు గుణం చూడాలంటే సోమవారం పొద్దున రాండి" అన్నాడు. ఇంత మంచి సలహా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కదిరి నుంచి హిందూపురం దాకా బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్టు లేదు కాబట్టి అక్కకు ఉచితం, మాకిద్దరికీ డబ్బులు. అక్క కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది. హిందూపురం నుంచి రైలు. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం మీదుగా యశ్వంతపురం చేరుతుంది. మన పెన్నేరు పుట్టింది ఆ దారికి తూర్పున కనబడే నంది కొండల్లోనే. ఆ సంగతి చెబితే బావ కిటికీలోంచి కొండలను కాసేపు చూసి, "పుట్టిన కాడే నీళ్ళు లేవు, మనదాకా యాడొస్తాయిరా" అన్నాడు.

బెంగళూరులో సిటీ బస్సెక్కగానే అక్క అలవాటుగా ఆధార్ కార్డు చూపింది. కండక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11 నుంచి వున్నమాట నిజమే గానీ అది కర్ణాటక చిరునామా వున్నవాళ్ళకే. మా అక్క మొహం చిన్నబోయింది. టికెట్టు ధర పెద్దదేమీ కాదు. కానీ సరిహద్దు దాటగానే మనిషి విలువ కార్డు మీది చిరునామాను బట్టి మారుతుందని మాకు అక్కడే అర్థమైంది. రేషన్ సంగతి కొంత నయం. ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు పథకంలో కర్ణాటక 2020 జనవరిలో చేరింది. వేలిముద్ర వేసి అక్కడి చౌకడిపోలో బియ్యం తీసుకోవచ్చు. అయితే ఆ వీలు కేంద్ర ఆహార భద్రతా చట్టం కిందికి వచ్చే కార్డులకే, ఆ చట్టం ఇచ్చే గింజలకే. రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చిన కార్డయితే సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. మీ కార్డు ఏ రకమో ఊరు వదలక ముందే సచివాలయంలో కనుక్కోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. దీన్ని కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మా ప్రయాణమంతా దీని చుట్టూనే తిరిగింది.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున వుంది. పక్కన జీవనది లేదు. పాతకాలంలో చెరువులే ఆధారం. 1894లో హెసరఘట్ట చెరువు నుంచి గొట్టాల ద్వారా నీళ్ళు తెచ్చారు, 1933లో తిప్పగొండనహళ్ళి నుంచి తెచ్చారు, 1974 నుంచి కావేరి తెస్తున్నారు. ఆ కావేరి సుమారు నూరు కిలోమీటర్ల దూరాన, బాగా పల్లంలో వుంది. మూడుచోట్ల పంపులు పెట్టి మొత్తం మీద దాదాపు 500 మీటర్లు పైకెత్తుతారు. మన మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం ఇక్కడ పనికొచ్చింది. వెయ్యి లీటర్లను 500 మీటర్లు ఎత్తడానికి 1000 × 9.8 × 500, అంటే 49 లక్షల జౌళ్ళు. కరెంటు యూనిట్లలో చెప్పాలంటే సుమారు 1.4. పంపుల్లో పోయే నష్టం కలుపుకుంటే ఇంకా ఎక్కువ. మా 650 అడుగుల బోరు రెండువందల మీటర్లు కూడా కాదు, దానికే మోటార్లు కాలిపోయేవి! 2024 అక్టోబరులో ఐదవ దశ ప్రారంభించి రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తెస్తున్నారు. అది ముఖ్యంగా ఊరిలో తర్వాత కలిసిన 110 గ్రామాల కోసం. ఆ ఏడాది ఎండాకాలంలోనే అక్కడ బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం బారులు తీరారు.

అందువల్ల అక్కడ ఇల్లు చూసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "కావేరియా, బోరా?" అన్నది. మొదటి ఇల్లు వర్క్‌షాపుకు పది నిమిషాల నడక. గది, వంటిల్లు, అద్దె 6,000. బావకు చూడగానే నచ్చింది. ఇంటావిడ కన్నడంలో బోరు నీళ్ళే అని, ఇరవైనాలుగు గంటలూ వస్తాయని గర్వంగా చెప్పింది. అక్క కుళాయి విప్పి చేతులు కడిగింది. సబ్బు నురగ రాలేదు. నా వంక చూసింది.

నేను ఊరి నుంచే ఏర్పాటుతో వచ్చాను. బట్టల సబ్బు తురిమి వెచ్చటి నీళ్ళలో కరిగించి సీసాలో తెచ్చుకున్నాను. (డిటర్జెంటు పొడి పనికిరాదు, కఠినజలంలో కూడా నురగ వస్తుంది. పాతరకం సబ్బే కావాలి.) ఒకే రకం సీసాలు మూడు తీసుకుని, ఒకదాంట్లో మా ఊరి నీళ్ళు, ఒకదాంట్లో ఈ ఇంటి బోరు నీళ్ళు, మరొకదాంట్లో చిన్నాయన ఇంటి కావేరి నీళ్ళు సమానంగా పోసి, సబ్బు ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి గిలకొట్టాను. నిలిచే నురగ రావడానికి కావేరికి 6 చుక్కలు, మా ఊరి నీళ్ళకు 21, ఆ ఇంటి నీళ్ళకు 27 పట్టాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి, అవి అయిపోయాకే నురగ. పద్ధతి మోటుదే, కానీ ఏది ఎక్కువ ఏది తక్కువ అని పోల్చడానికి చాలు. తర్వాత ఆ సీసా కాలేజీకి తెచ్చి, లెక్చరర్ గారి అనుమతితో ఇ.డి.టి.ఎ. టైట్రేషన్ చేశాను. ద్రాక్షసారాయి రంగు నీలానికి తిరిగేసరికి లెక్క లీటరుకు 580 మిల్లీగ్రాములు తేలింది. తాగునీటికి కోరదగిన హద్దు 200, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు 600.

"పప్పు ఉడకదు" అంది అక్క. నిజమే. కాల్షియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టి గట్టిపరుస్తుంది. పైగా అంత ఎత్తున నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఆ మూడు డిగ్రీల తేడాను కుక్కరు చాలావరకు పూడుస్తుంది గానీ, కాల్షియాన్ని ఏం చేస్తుంది?

ఐతే అసలు భయం పప్పు కాదు. పీన్యా 1970లలో మొదలైన పారిశ్రామిక వాడ. వేలకొద్దీ చిన్న కర్మాగారాలు, వాటిలో లోహానికి క్రోమియం పూత వేసేవి కూడా వున్నాయి. ఆ ప్రాంతపు భూగర్భ జలాల్లో కొన్నిచోట్ల ఆరు వేలెన్సీ క్రోమియం చేరినట్టు కాలుష్య నియంత్రణ సంస్థల పరీక్షల్లో బయటపడింది. తాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత కొద్దిపాటిది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, సబ్బుకు అందదు. జేబులో పెట్టుకునే టి.డి.ఎస్. మీటరు కూడా మొత్తం లవణాలు ఇన్ని అంటుందే గానీ వాటిలో విషం ఏదో చెప్పదు. మన జిల్లాల ఫ్లోరైడు కథా ఇంతే. కాచినా పోదు, పైగా నీరు ఆవిరై అది చిక్కబడుతుంది. ఆ ఇంటి బోరులో క్రోమియం వుందని నేననను, పరీక్ష చేయలేదు. లేదని కూడా చెప్పలేకపోయాను. అక్కకు ఐదేళ్ళ కూతురు. "తెలీని నీళ్ళు పాపకు పొయ్యను" అంది. బావకు కోపమొచ్చింది.

"మనూర్లో మాత్రం ఏం తాగుతాండాం? అమృతమా?"

"అందుకే గదా ఊరు ఇడుస్తాండేది!"

ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. నేను సీసాలు కడుగుతూ కూర్చున్నాను.

రెండో ఇల్లు దాసరహళ్ళిలో, చిన్నాయన ఉండే వీధికి దగ్గర. అద్దె 7,500. ఇంటాయన "వారక్కె ఎరడు సల కావేరి నీరు బరుత్తె" అన్నాడు, అంటే వారానికి రెండుసార్లు. మాట నమ్మక సంపు మూత తీయించి చూసింది అక్క. పక్కింటి ఆవిడను కూడా విడిగా అడిగి వచ్చింది. అద్వాన్సు 50,000. అదిగాక ఇంకో బేరం పెట్టాడు. నాలుగు లక్షలు భోగ్యానికి ఇస్తే రెండేళ్ళు అద్దే వద్దు, పోయేటప్పుడు మొత్తం తిరిగిస్తానన్నాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! బావ వేళ్ళమీద లెక్క వేశాడు. మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ. నాలుగు లక్షలకు నెలకు 8,000. అద్దెకన్నా ఐదువందలు ఎక్కువ! పైగా ఆ ఇల్లు ఏదైనా బ్యాంకు తాకట్టులో వుంటే మన నాలుగు లక్షలు ఎవరినడగాలి? సొంత డబ్బు ఊరికే మూలుగుతున్నవాడికి భోగ్యం బాగుంటుందేమో గానీ అప్పు తెచ్చేవాడికి కాదు.

జీతం లెక్క కూడా అక్కడే తేలింది. 18,500 అన్నది కాగితం మీది అంకె. అందులో మూలవేతనం 12,000. దాని మీద 12 శాతం పి.ఎఫ్. 1,440 పోతుంది. నెలకు 21,000 లోపు వాళ్ళకు ఇ.ఎస్.ఐ. వుంటుంది, దానికి 0.75 శాతం, అంటే 139 రూపాయలు. చేతికి వచ్చేది 16,921. అద్దె పోను 9,421. అందులో ఇంటిఖర్చు, బడి, మామకు పంపవలసింది, బోరు అప్పు. పి.ఎఫ్. ఎక్కడికీ పోదు, ఇ.ఎస్.ఐ. వల్ల ఇంటిల్లిపాదికీ వైద్యం, కాబట్టి అవి నష్టం కాదు. కానీ అంకె విని మురిసిపోయిన మనిషికి ఆ తేడా గుండెల్లో కలుక్కుమంటుంది.

రెండో రోజు పొద్దున బావ పనికి పోతున్నట్టే బయల్దేరాడు, నేను గడియారం పట్టుకుని వెనక. దాసరహళ్ళి నుంచి పీన్యా ఇండస్ట్రీ మెట్రోలో రెండో స్టేషను. కానీ రైలు పైన నిమిషాల్లో పోతే, స్టేషను నుంచి లారీల మధ్య వర్క్‌షాపు దాకా నడక ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఇంటి గడప నుంచి గేటు దాకా మొత్తం నలభై ఆరు. మధ్యాహ్నం పోయివుంటే ఈ అంకె తెలిసేది కాదు.

బడి విషయంలో మాకు పెద్ద బెంగ కలగలేదు. కన్నడం తప్పనిసరిగా నేర్చుకోవాలి, ఐనా కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. నేనే రెండో రోజుకు బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేశాను. పాప నాకన్నా చురుకైనది.

సాయంత్రం దాసరహళ్ళి ఇంటికి 5,000 బయానా ఇచ్చి, రసీదు మీద సంతకం చేయించుకున్నాము. మిగతా 45,000కు పాడి ఆవును అమ్మాలి. భూమి కోరుకు ఇచ్చి, మామను ఊళ్ళోనే వుంచి, బావ ముందు పోవాలని, బడి తెరిచే జూన్‌లో అక్కా పాపా పోవాలని నిర్ణయం. నెలకు 1,500 ఎక్కువ పెడుతున్నామని బావ రైల్లో రెండుసార్లు అన్నాడు. అక్క పలకలేదు.

ఊరు చేరాక అక్క సంచిలోంచి రెండు లీటర్ల కావేరి సీసా తీసి మామకు గ్లాసులో పోసింది. ఆయన డెబ్భై ఏళ్ళుగా మా ఊరి ఉప్పునీళ్ళు తాగినవాడు. గుటక వేసి, గ్లాసు కింద పెట్టి, "సప్పగుండాయి గదమ్మా! ఈ నీళ్ళ కోసరమా ఆవును అమ్మేది?" అన్నాడు. లవణాలు తక్కువైతే చప్పగానే వుంటాయని నేను చెప్పబోయాను. అక్క చెయ్యి పట్టి ఆపింది.

పాప మాత్రం మిగిలిన నీళ్ళన్నీ తాగేసి, సీసా ఇమ్మంది ఆడుకోవడానికి.