డిఫెండర్ ఆఫ్ చేశాడు... రెండేళ్ల నోట్స్ పోయాయి! విండోస్ సెక్యూరిటీ ఇలా సెట్ చేసుకోండి

ఈ ఎపిసోడ్ మా తమ్ముడి వల్ల చేస్తున్నా. బాబాయ్ కొడుకు, అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్: "అన్నా, ఒక్క ఫైల్ కూడా ఓపెన్ అవ్వట్లేదు."

వెళ్లి చూశా. ప్రతి ఫైల్ పేరు చివర ఏదో పిచ్చి ఎక్స్‌టెన్షన్. పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్, డాలర్లు కట్టమని. అది రాన్సమ్‌వేర్. అంటే మన ఫైళ్లకి తాళం వేసి, తాళంచెవికి డబ్బులడిగే వైరస్.

ఎలా వచ్చింది? పీడీఎఫ్ ఎడిటర్ క్రాక్ కోసం ఒక వీడియో చూశాడు. "ముందు డిఫెండర్ ఆఫ్ చేయండి" అన్నాడంట అందులో. చేశాడు. వాచ్‌మన్‌ని మనమే టీకి పంపి, దొంగకి గేటు తీసినట్టు! డిఫెండర్ కాసేపటికి దానంతటదే ఆన్ అవుతుంది కానీ, ఆ కాసేపే చాలు.

చాలామంది "నా దగ్గర యాంటీవైరస్ లేదు బ్రో" అంటారు. ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ విండోస్‌తోనే వస్తుంది, ఫ్రీ. స్టార్ట్‌లో "విండోస్ సెక్యూరిటీ" అని టైప్ చేసి ఓపెన్ చేయండి.

ఒకటి: "వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్"లో రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందా చూడండి. అక్కడే "ఎక్స్‌క్లూజన్స్" లిస్ట్ ఉంటుంది. అందులో ఉన్నవాటిని డిఫెండర్ చెక్ చేయదు. మీరు పెట్టనిది కనిపిస్తే తీసేయండి.

రెండు: అదే పేజీలో కిందికి వస్తే "మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్". లోపల "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ మార్పులు చేయలేదు. మీ నోట్స్ డీ డ్రైవ్‌లో ఉంటే ఆ ఫోల్డర్‌ని మీరే యాడ్ చేయాలి. ఒక్కోసారి మంచి యాప్‌ని కూడా ఆపుతుంది, అప్పుడు "అలౌ" చేసుకోండి.

మూడు: చిక్కడపల్లి, నారాయణగూడ జిరాక్స్ షాపులకి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్. రోజుకి ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు ఆ ఒక్క సిస్టమ్‌కి పెడతారో ఆలోచించండి. ఇంటికొచ్చాక రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేశాకే ఓపెన్ చేయండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారితే వాటిని క్లిక్ చేయొద్దు. అసలు ఫైళ్లు చాలాసార్లు లోపలే దాక్కుని ఉంటాయి, కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. షాపులో వాట్సాప్ వెబ్ వాడితే, ఫోన్‌లో "లింక్డ్ డివైజెస్"కి వెళ్లి లాగౌట్ చేశాకే బయటికి రండి.

అప్‌డేట్లు కూడా ఆపొద్దు. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకే తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది!

కానీ ఒక మాట. డిఫెండర్ వైరస్‌ని ఆపుతుంది, మన పాస్‌వర్డ్ తెలిసిన మనిషిని ఆపలేదు. 2023 మార్చిలో బయటపడ్డ టీఎస్‌పీఎస్సీ పేపర్ లీక్ గుర్తుందిగా? కమిషన్ ఆఫీసులోని కంప్యూటర్ నుంచే పేపర్లు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లాయని కేసు. 2022 అక్టోబర్ 16న రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. ఆ బాధ అశోక్‌నగర్‌లో ప్రతి రూమ్‌కీ తెలుసు. అందుకే రూమ్‌లో లేచి వెళ్లేటప్పుడు విండోస్ కీ, ఎల్ నొక్కండి. పాస్‌వర్డ్ రూమ్మేట్‌కి కూడా చెప్పొద్దు.

మావాడి ఫైళ్లు తిరిగి రాలేదు. వాడిని కాపాడింది జిరాక్స్ షాపులో తీయించిన ప్రింట్లే, అవీ సగమే. మీరు మాత్రం ఈరోజే ఒక కాపీ వేరే డ్రైవ్‌లో పెట్టి, దాన్ని తీసి బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌కి తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

ఈ లింక్ మీ హాస్టల్ గ్రూప్‌లో వేయండి. డౌట్స్ ఉంటే అడగండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!